అత్త చదివిన అరవ పుస్తకం

మొన్న పొద్దున కాఫీ తాగుతూ ఫోన్ చూస్తుంటే, పాత బొమ్మల కథల పుస్తకాలు పోగుచేసే మా వాట్సాప్ గ్రూపులో ఎవరో కుర్రాడు ఒక ఫోటో పెట్టాడు. ఏటి ఒడ్డున ఒంటరిగా నిలబడ్డ గుర్రం, జీను మీద ఎవరూ లేరు. కింద "ఈ తమిళ కామిక్ ఎవరి దగ్గరైనా ఉందా? ఎంతైనా ఇస్తాను" అని రాశాడు. చూసీ చూడనట్టు ఊరుకోవాల్సింది. ఉండలేక "ఉంది. ఇవ్వను" అని కొట్టాను. ఎందుకివ్వరు సార్ అని వెంటనే అడిగాడు. ఆ ప్రశ్నకు ఫోన్ మీద బొటనవేలితో జవాబు చెప్పే ఓపిక నాకు లేదు. అందుకని తీరిగ్గా ఇక్కడ రాస్తున్నాను. అతని కంట పడితే చదువుకుంటాడు.

తిరుపతికి వచ్చేవాళ్ళంతా కొండకు పోతారు. నేను ఈ ఊళ్ళో ఇన్నేళ్ళుండి ఎక్కువగా తిరిగింది పాత పేపర్ల అంగళ్ళ చుట్టూనే. కరెంటాఫీసులో గుమాస్తా ఉద్యోగం, ఆదివారం వస్తే భుజాన సంచి. చవగ్గా దొరికితేనే కొంటానన్నది నా పట్టుదల. డబ్బు పారేసి కొనేవాడు కొనుగోలుదారుడవుతాడు గాని వేటగాడు కాడని నాకొక సిద్ధాంతం ఉండేది. అంగడిలోకి పోగానే కావలసినదాని మీద చెయ్యి వెయ్యకూడదు. ముందు ఏ వంటల పుస్తకమో, ఎప్పటిదో పంచాంగమో తీసి, దాని కోసమే వచ్చినట్టు తిరగెయ్యాలి. అసలుదాన్ని ఆఖరున, పోనీలే ఇదీ పడెయ్యి అన్నట్టు అందుకోవాలి. ఈ నాటకం వల్ల మా ఇంట్లో కాలం చెల్లిన పంచాంగాలు బోలెడు చేరాయి. "పురుగులు వాటంతట అవి వచ్చేదాకా ఆగలేరా, సంచిలో ఏసుకోని తేవల్లా?" అని మా ఇంటావిడ ప్రతి ఆదివారం ఎదురొచ్చేది.

వడమాలపేట బస్టాపులో ఒకసారి శనక్కాయల పొట్లం కొంటే, ఆ కాగితం మీద ఒకడు కొండ అంచున వేళ్ళతో వేలాడుతున్నాడు. వాడు పడ్డాడో లేదో తెలుసుకోవాలని ఇంకో పొట్లం కొన్నాను. అందులో పదో తరగతి లెక్కలున్నాయి. శనక్కాయలు పక్కన పెట్టి కాగితాలు సాపు చేసుకుంటున్న నన్ను చూసి ఆ అమ్మ, "ఏం సామీ, గింజలు ఇడిసిపెట్టి పొట్లం తింటావా ఏంది?" అంది. కార్వేటినగరంలో ఎవరింట్లోనో పెట్టె నిండా బొమ్మల పుస్తకాలు ఉన్నాయని ఎవరో చెబితే, ఎండలో పడి పోయాను. పెట్టె మాట నిజమే. దాని నిండా పెళ్ళి పత్రికలున్నాయి. ఆ ఇంటి పెద్దాయన వాటిని ఒక్కొక్కటే తీసి ఎవరి పెళ్ళో, ఏం వడ్డించారో చెబుతుంటే సాయంత్రం బస్సు తప్పిపోయింది. ఇలా తిరగ్గా తిరగ్గా బీరువాలు నిండాయి. కానీ మొదట్నించీ నేను వెతుకుతున్నది ఒక్క పుస్తకం కోసమే. అది మా అత్త కోసం.

అత్త అంటే మా నాయనకు అక్క. పుత్తూరు దగ్గర మా పల్లెలోనే, మా ఇంటికి ఎదురిల్లు ఆమెది. పిల్లలు లేరు. మామ లారీ డ్రైవరు. మామిడికాయల కాలంలో మద్రాసుకు లోడు తీసుకుపోయి, వచ్చేటప్పుడు అక్కడి పాత పుస్తకాల అంగళ్ళ నుంచి మా పిల్లల కోసం బొమ్మల పుస్తకాలు తెచ్చేవాడు. అన్నీ తమిళమే. మా పక్క అరవం మాట్లాడని ఇల్లు లేదు, చదవడం మాత్రం మా ఇంట్లో ఎవరికీ రాదు. అత్తకైతే తెలుగక్షరాలు కూడా రావు. అయినా ఆ పుస్తకాలు మాకు చదివి వినిపించేది అత్తే. గోడకు ఆనుకుని, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, ఆ మాటల బుడగల మీద వేలు పెట్టి ఎంతో శ్రద్ధగా నడిపించుకుంటూ పోయేది. రాజు అంటే రాజు గొంతు, దొంగ అంటే దొంగ గొంతు. ఆమెకు చదవడం రాదన్న సంగతి నేను బడికి పోయిన చాలా రోజులకు గాని నా బుర్రకు తట్టలేదు.

ఒక వానాకాలం మామ దూర ప్రయాణానికి లోడు వేసుకుని పోయి, తిరిగి రాలేదు. క్లీనరు వచ్చి చెప్పాడు. తెల్లవారుజామున లేచి చూస్తే లారీ రోడ్డు పక్కన నిలబెట్టి ఉందట, పక్కనే ఏరు నిండుగా పోతోందట, మామ సీట్లో లేడట. స్నానానికి దిగాడో, ఎవరితోనన్నా పోయాడో చూసినవాళ్ళు లేరు. మా నాయన, ఊరివాళ్ళు పోయి రోజుల తరబడి వెతికి వచ్చారు. ఏమీ దొరకలేదు. అత్త నలుగురి ముందు ఏడవలేదు. వస్తాడు అంది. కొన్నేళ్ళు చూశాక పెద్దవాళ్ళు కూర్చోబెట్టి, ఇలా కనపడకుండా పోయినవాళ్ళకు దర్భలతో బొమ్మ చేసి కర్మ జరిపించడం ఉన్నదేనని చెప్పారు. అత్త అందరి మాటా విని, "బొమ్మకు కొరివి పెడతారు సరే. రేపు మనిసి వాకిట్లోకొచ్చి నిలబడితే ఆయనకేం సెప్తారు?" అని లేచి లోపలికి పోయింది. ఆ తర్వాత ఆ మాట ఎత్తడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

మామ ఆఖరిసారి ఇంటికి వచ్చినప్పుడు తెచ్చిన పుస్తకమే ఆ గుర్రం పుస్తకం. అత్త దాన్ని మాకు ఎన్నిసార్లు చదివిందో లెక్కలేదు. పెద్ద మీసాలవాడు గుర్రమెక్కి దుర్మార్గుల వెంట పడతాడు. నడిమధ్య ఒక పేజీలో ఏటి ఒడ్డున గుర్రం ఒక్కటే ఉంటుంది. అక్కడికి రాగానే మా తమ్ముడు "ఆయన యాడికి పోయినాడు అత్తా?" అని తప్పకుండా అడిగేవాడు. "ఊళ్ళోకి పోయుండాడు. పనుండాది. వస్తాడు" అనేది అత్త. తర్వాతి పేజీల్లో అదే గుర్రం మీద మీసం లేనివాడొకడు వస్తాడు. ఇతనెవరని మేమడిగితే అత్త మమ్మల్ని తెలివితక్కువవాళ్ళను చూసినట్టు చూసేది. "ఆయనే రా. తిరుమలకు పోయి గుండు కొట్టిచ్చుకోనొచ్చినాడు. మీసం గూడా ఇచ్చేసినాడు. తలగుడ్డ ఇప్పితే గుండు కనపడతాది, సూడు" అనేది. మాకు పరమ సబబుగా అనిపించేది. మా చుట్టుపక్కల కొండకు పోయివచ్చిన ప్రతి మగవాడూ అలాగే గుర్తుపట్టలేనట్టు తిరిగి వచ్చేవాడు మరి. ఆ బొమ్మలో మనిషి తలగుడ్డ విప్పే పేజీ కోసం మేము ఎంతో చూసేవాళ్ళం. అతను చివరిదాకా విప్పలేదు.

అత్త ఇంటి గూట్లో పెట్టిన ఆ పుస్తకాన్ని ఒక ఏడు చెదలు తినేశాయి. చేత్తో పట్టుకుంటే మన్నుగా రాలింది. మామ రానినాడు ఏడవని మనిషి, ఆ మన్నును కొంగులో పోసుకుని వాకిట్లో కూర్చుని అందరూ చూస్తుండగా ఏడ్చింది.

నాయన పోయాక అత్తను తిరుపతికి, మా ఇంటికి తెచ్చుకున్నాను. నేను అంగళ్ళ వెంట తిరిగి తెచ్చిన పుస్తకాలన్నీ ఆమెకు చూపించేవాణ్ణి. మర్యాదకు తిరగేసి, "గుర్రం లేదే దీంట్లో" అని ఇచ్చేసేది. తర్వాత ఆమె కళ్ళు మసకబారాయి. నరం దెబ్బతింది, పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది కూడా మెల్లగా పోతుంది అన్నాడు డాక్టరు. ఇంటికి వచ్చే దారిలో ఆటోలో అత్త, "నీ అంగళ్ళల్లో ఆ బుక్కు ఒగసారి దొరికితే బాగుండునురా. కండ్లుండంగా సూసుకుంటా" అంది. ఆమె నన్ను అంతవరకు ఏదీ అడిగి ఎరగదు. ఆ రోజు నుంచి ఇక ఆదివారాలతో ఆగలేదు. సెలవు పెట్టి తిరిగాను. ఏ పుస్తకంలో ఏముందో చదివి చూసుకోగలగాలని, బస్సుల బోర్డులు పట్టుకుని తమిళ అక్షరాలు కూడా నేర్చుకున్నాను.

దొరికింది చివరికి పుత్తూరులోనే. అక్కడ ఎముకలకు కట్టు కట్టించుకోవడానికి తమిళదేశం నుంచి కుటుంబాలు వచ్చి రోజుల తరబడి ఉంటాయి. పిల్లలకు పొద్దుపోవడానికి తెచ్చుకున్న పుస్తకాలు వదిలేసిపోతే అవి పాత పేపర్ల అంగడికి చేరతాయి. ఆ అంగట్లో గైడ్ల కట్ట కింద అట్ట లేకుండా, తాడు గుర్తు పడి ఉంది. మధ్యకు తెరిస్తే ఆ గుర్రం. పంచాంగం నాటకం ఆడటానికి నా చేతులు సహకరించలేదు. అంగడాయన కళ్ళద్దాల మీంచి చూసి, "అట్ట గూడా లేదు గదప్పా, యాడికి పనికొస్తాది? తీస్కపో, దానికేం తూకమేస్తాం" అన్నాడు. తిరిగి వచ్చే బస్సులో కిటికీ పక్కన కూర్చుని, అక్షరం అక్షరం కూడబలుక్కుని మొదట్నించి చివరిదాకా చదివాను. తిరుపతి వచ్చేసరికి ఒక నిర్ణయానికి వచ్చాను. అత్తకు అత్త కథే చెప్పాలి.

అప్పటికి ఆమెకు మనిషి ఆకారం తెలియడమే కష్టంగా ఉంది. మరునాడు పొద్దున వసారాలో ఎండ పడేచోట కూర్చోబెట్టి పుస్తకం చేతిలో పెట్టాను. వాసన చూసింది. కాగితాలన్నీ తడిమింది. నడిమి పేజీ ఎండకు తిప్పి పట్టుకుంటే కాసేపు పరికించి, "ఉండాది. గుర్రం తెలస్తాండాది" అంది. ముఖం చిన్నపిల్ల ముఖంలా అయింది. నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. గుర్రం దగ్గరికి వచ్చి, "ఆయన ఊళ్ళోకి పోయుండాడు, పనుండాది..." అంటుండగానే నా మణికట్టు పట్టుకుంది.

"అది నేను సెప్పిన కత రా. అది నాకు రాదా? నువ్వు అరవం సదవను నేర్సుకుంటివి గదా. దాంట్లో ఏం రాసుండాదో అది సదువు."

ఆమె పట్టు వదల్లేదు. చదివాను. ఏటికి ఒక్కసారిగా నీళ్ళు వచ్చాయని రాసి ఉంది. గుర్రం ఒడ్డు చేరింది, అతను చేరలేదని రాసి ఉంది.

"మనిసి దొరికినట్టు రాసినాడా?"

"లేదత్తా."

"మరి ఆ మీసం లేనోడు?"

"కొడుకు. పెద్దోడై నాయన గుర్రం ఎక్కినాడు."

"కొడుకా!" అని ఆశ్చర్యపోయింది. "అయ్యో, నేను ఆ పిల్లోనికి ఊరికే గుండు కొట్టిస్తినే" అని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, ఆ నవ్వుతోనే ఏడుపు కూడా వచ్చింది. ఆమెకు కనపడదని తుడుచుకోలేదు. అత్త చెయ్యి చాపి నా చేతిలోంచి తీసుకుంది. పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుని, దాని మీద అరచెయ్యి వేసి, "పోనీలే. కొడుకన్నా ఉండాడు" అంది. తర్వాత నా వైపు తిరిగి, బజారు నుంచి ఏదో తెమ్మని చెప్పినంత మామూలుగా, "వచ్చే పెద్దల అమావాసకు మీ మామకు గూడా ఒగ ఆకెయ్యండిరా" అంది.

పెద్దల అమావాస్యనాడు మా ఇళ్ళల్లో పోయినవాళ్ళ పేరు తలచుకుని, మనిషికొక ఆకు వేసి వడ్డిస్తాం. ఆకు వేశామంటే ఇక ఆ మనిషి రాడని ఒప్పుకున్నట్టే. ఆ ఏడు మా నాయన ఆకు పక్కన మామకు ఆకు వేశాం. అత్త పీట వేయించుకుని దగ్గరే కూర్చుంది. వాసనలు చూసి ఏ కూర ఏ ఆకులో పడుతోందో కనిపెడుతోంది. "కారం తగ్గించండి. దోవలో కండకండ తిండి, దొరికిందల్లా తిని కడుపులో మంట మీ మామకు" అంది మా ఇంటావిడతో. వడలు రెండు ఎక్కువ వేయించింది. బొట్టు తీయమని మేమెవరం అనలేదు, ఆమె కూడా తీయలేదు. మరునాటి నుంచి పూలు మాత్రం ముట్టలేదు.

ఆ పుస్తకం వెతికి తేకుండా ఉంటే బాగుండేదేమోనని నేను చాలాసార్లు అనుకున్నాను. మా ఇంటావిడ ఒప్పుకోదు. ఆమె అడిగింది, మీరు తెచ్చినారు, అంతే అంటుంది. అప్పటిదాకా అత్త చూపు లేకపోయినా నిటారుగా నడిచేది, తన తల తానే దువ్వుకునేది, వీధి తలుపు చప్పుడైతే ఇంట్లో అందరికంటే ముందు "ఎవురూ?" అనేది. ఆ అమావాస్య తర్వాత తలుపు చప్పుడుకు తల తిప్పడం మానేసింది. పట్టుకుంటే గాని లేవలేకపోయింది. మామిడి పూత రాకముందే పోయింది. ఎదురుచూసినన్నాళ్ళూ ఆమెకు వయసు మీద పడలేదు. ఆగిపోయిన ఆ ఏళ్ళన్నీ, ఇక ఎవరూ రారని ఒప్పుకున్న రోజున ఒక్కసారే లోపలికి వచ్చి కూర్చున్నాయి.