పొట్ట కింద తువ్వాల

సికింద్రాబాద్ నుంచి అల్వాల్ వెళ్లే బస్సులో కూర్చుని, మా కుక్కను ఉంచుకుంటానన్న ఒక ఫార్మ్‌హౌస్ ఆయనతో ఫోన్లో మాట్లాడుతున్నాను. మా బ్రూనో సగం లాబ్రడార్, సగం వీధి కుక్క, నలభై కిలోలుంటాడు. పన్నెండేళ్లు వచ్చేసరికి వెనక కాళ్లు పట్టు తప్పాయి. మాది రెండో అంతస్తు, లిఫ్టు లేదు. ఎత్తుకుని దింపితే సిగ్గుపడ్డట్టు మొహం తిప్పుకుంటాడు.

"కుక్కను మెట్ల మీద ఇక మోయలేమండీ. ఆదివారం బండి పంపండి" అని ఫోన్ పెట్టేశాను.

పక్క సీట్లోని పెద్దాయన అంతా విన్నాడు. "గట్ల మోస్తే దానికి సుత తక్లీఫే బిడ్డా" అంటూ భుజం మీది తువ్వాల తీశాడు. నా ఒళ్లోని బ్యాగు కింద నుంచి దాన్ని పోనిచ్చి, రెండు కొసలూ పట్టుకుని కొద్దిగా పైకి లేపాడు. "ఎనక కాళ్లకు జెర ముంగట, పొట్ట కింద గిట్ల పట్టు. మొయ్యకు. ఆసరా ఇస్తే చాలు, అదే నడుస్తది."

"మీ ఇంట్లోనూ కుక్క ఉందా?"

"ఉండె." తువ్వాల మడత పెట్టాడు. "దాన్ని ఊరవతల తోటల ఇడిసినంకనే నాకు గీ ఉపాయం ఎరుకైంది."

లోతుకుంటలో దిగిపోయాడు.

బండి వద్దని చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు. ఆదివారం అది వచ్చేసరికి నేనూ బ్రూనో మెట్లు దిగుతున్నాం, వాడి పొట్ట కింద మా అమ్మ పాత చున్నీ. డ్రైవరు వెనక తలుపు తీసి నిలబడ్డాడు. బ్రూనో వెళ్లి బండి చక్రం తడిపి, మెల్లగా మళ్లీ మెట్ల వైపు తిరిగాడు. నేను చున్నీ కొసలు పైకి పట్టుకున్నాను.