వెండికి చెమట పట్టే క్షణం

ఆ వెండిపనివాడికి టంకం అంటే చిన్నచూపు. "అతుకులేసుకునేవాళ్లకి అది. నేను కలుపుతాను," అనేవాడు. లోహం ఒక్కసారిగా కరగదు. లోపల ఇంకా గట్టిగా ఉండగానే పైన నీళ్లు పూసినట్టు మెరుపు పాకుతుంది. దాన్ని ఆయన చెమట అనేవాడు. సరిగ్గా అప్పుడు మంట తీసేస్తే ఆనుకుని ఉన్న రెండు ముక్కలు ఒకటైపోతాయి. రెప్పపాటు ఆలస్యమైతే మొత్తం కూలి ముద్దవుతుంది.

యాభై దాటాక ఆయన రెండు కళ్లలోనూ శుక్లాలు వచ్చాయి. చెబితే కొట్లో కూర్చుని పనిచేసే పీట పోతుంది. కొట్టు బావది, అక్క మొగుడిది. అందుకని మంటపనంతా మధ్యాహ్నానికి పెట్టుకునేవాడు. భార్య క్యారియర్ తెచ్చి వెనక నిలబడి, చెమట కనపడగానే "అన్నం చల్లారిపోతోంది" అనేది. ఆయన మంట తీసేవాడు. అలా మూడేళ్లు నెట్టుకొచ్చారు. అందుకు ఆమెకు దక్కిన మంచిమాట ఒక్కటీ లేదు. బావ పరీక్ష పెట్టిన రోజు పొద్దున కూడా, "నీ నోరు పనికొచ్చేది ఆ రెండు ముక్కలకే," అన్నాడు.

బావకు చివరికి విషయం తట్టింది. తన పెళ్లాం చెవిలో ఏదో ఊది, వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"ఏం బామ్మర్దీ, ఈ పెట్టె మూతకి తీగ కలుపు, చూద్దాం. ముద్ద చేశావా, పీట ఖాళీ చెయ్యాలి."

"చూస్తూ ఉండు బావా."

వెనక క్యారియర్ చప్పుడైంది. భార్య వచ్చిందని ధైర్యం తెచ్చుకుని మంట పెట్టాడు. ఎదురుగా మసక తప్ప ఏమీ లేదు. చెవులు రిక్కించాడు.

ఆయన వెనక, అక్క తన మరదలి నోరు అరచేత్తో నొక్కిపట్టింది. వెండికి చెమట పట్టడం మరదలు చూసింది. పెనుగులాడింది. కాళ్లు నేలకు రాసుకున్న చప్పుడు విని, నిలబడలేక కదులుతోంది కాబోలనుకున్నాడాయన. మూత కుంగింది. తీగను మింగేసి, ముద్దై దొర్లింది.

"ఇప్పుడు తిను తమ్ముడూ. వేడిగానే ఉంది," అంది అక్క, తడిసిన చెయ్యి తుడుచుకుంటూ.

"వదిన నా నోరు నొక్కేసిందండీ," అని భార్య ఇంటిదాకా చెబుతూనే ఉంది. ఆయన నమ్మలేదు. నమ్మితే అక్కను తిట్టుకోవాలి, తిట్టుకుంటూనే పని కోసం మళ్లీ ఆ గడపే ఎక్కాలి. పొద్దున అన్న మాటకు పెళ్లాం కసి తీర్చుకుందనుకోవడమే ఆయనకు తేలికైంది.

తర్వాత ఆరేళ్లు బతికాడు, పూర్తిగా చూపు లేకుండా. ఆమె రోజూ కంచం ముందుపెట్టి, "అన్నం చల్లారిపోతోంది," అనేది.

"ఇప్పుడు లేస్తోందా నోరు?" అనేవాడాయన.