రూరుమ్ బండి ముందు చక్రాలు

కొండమీది మా ఊరు బకెలాలన్ నుంచి కింద లవాస్ పట్నానికి కొండదారిలో ఎండాకాలమైతే ఆరు గంటలు, వానాకాలమైతే దేవుడి దయ. ఆ దారిన పదిహేనేళ్లుగా బండి తోలుతున్నది రూరుమ్. భర్త పోయాక ఆయన డీజిల్ జీపును అమ్మెయ్యమని అందరూ చెప్పారు. ఆమె దాని కింద దూరి పడుకుని పని నేర్చుకుంది. మీటరు ఆరు లక్షల కిలోమీటర్ల దగ్గర ఆగిపోయింది.

"మీటరుకు విసుగొచ్చింది గానీ నీకు రాలేదే రూరుమ్!" అని ఏడిపించేవాళ్లం.

"మీలాంటి వాళ్లను మోసీ మోసీ సిగ్గేసి ఆగింది పాపం," అనేది.

ప్రతి ప్రయాణం తర్వాతా ఇరుసులకు గ్రీజు పెట్టేది. గేరు నూనెలో వేలు ముంచి, వాగునీళ్లు కలిశాయేమో చూసేది. బండి చప్పుడులో కాస్త తేడా వచ్చినా ఆమె ముఖం మారిపోయేది.

ఆ ఏడు కోతలప్పుడు, ముందు చక్రాలను ఇరుసుకు కలిపే హబ్బులో పళ్లు అరిగిపోయాయి. వెనక చక్రాలు లాగుతున్నాయి, ముందువి ఊరికే దొర్లుతున్నాయి. కొత్త సామాను తెప్పించి ఇంట్లో పెట్టుకుంది. బిగించడానికి ఒక పగలు చాలు. కానీ ఊరంతా బియ్యం బస్తాలతో ఆమె గుమ్మం ముందు నిలబడింది. అందులో నావీ నాలుగు బస్తాలు.

"దారి పొడిగానే ఉంది కదా, ఈ మూడు ట్రిప్పులూ అయ్యాక చూసుకుంటాలే," అంది.

రెండో ట్రిప్పు ముగిసిన మర్నాడు పొద్దున్నే బూలన్ పరుగెత్తుకొచ్చింది. ఆమె తండ్రి సెలూతన్ పెద్దాయనకు కడుపునొప్పి, పొట్ట చెక్కలా బిగుసుకుపోయింది. మా ఊరికి వచ్చే చిన్న విమానం మబ్బుల వల్ల రాదన్నారు. బండి వెనక పరుపు వేసి ఆయన్ని పడుకోబెట్టాం. తోడుగా నేనూ ఎక్కాను.

రెండు గంటలు బాగానే సాగింది. వంతెన కొట్టుకుపోయిన వాగు దగ్గరికి వచ్చేసరికి, ఎగువన ఎక్కడో కురిసిన వాన ఎర్రగా దిగుతోంది. రూరుమ్ కర్ర పట్టుకుని దిగి లోతు చూసింది. తొడల దాకా ఉంది. వచ్చి బండిని నీళ్లలోకి దింపింది. సగం కూడా పోలేదు, వెనక చక్రాలు గులకరాళ్లను తవ్వుకుంటూ పక్కకు జారాయి. ఎలాగో వెనక్కి తీసింది.

"ఇంకొక్కసారి చూడక్కా," అంది బూలన్.

"వద్దమ్మా. పట్టు దొరకట్లేదు. అందరం పోతాం."

"ఎప్పుడూ దాటే వాగే కదా!"

రూరుమ్ ముందు చక్రాల వైపు చూసింది.

నీరు తీస్తుందని కూర్చున్నాం. పెద్దాయన ఒకసారి కళ్లు తెరిచి, "ఇంకా ఇటువైపే ఉన్నామా?" అన్నాడు. మధ్యాహ్నానికి కూతురి ఒళ్లోనే పోయాడు.

ఊళ్లో అందరూ వాగును తిట్టారు, వానను తిట్టారు. రూరుమ్‌ను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. సమాధి చేసిన రోజున చర్చిలో ఆమే లేచి నిలబడింది.

"వాగు తప్పు కాదు. ముందు చక్రాలు లాగుతుంటే ఆ నీళ్లలో దాటేదాన్ని. సామాను నా ఇంట్లోనే ఉంది. ఒక్క రోజు పని, వాయిదా వేశాను."

"బస్తాలు మావే కదమ్మా," అని గొణిగాను నేను.

"బస్తాలు మీవే, అన్నా. బండి నాది."

బూలన్ తలెత్తలేదు. రూరుమ్ ఇంటికి వెళ్లి ఆ హబ్బు బిగించింది. ఆ తర్వాత నెలరోజులు బండి కదల్లేదు. ఎవరడిగినా, "వేరేవాళ్లను చూసుకోండి," అనేది.

ఒకనాడు బూలనే ఆమె వాకిట్లోకి వచ్చింది. "మా అమ్మకు కళ్లు కనపడట్లేదు. లవాస్ తీసుకెళ్లాలి."

రూరుమ్ లేచి నిలబడింది.

"ముందు చక్రాలు?" అని అడిగింది బూలన్.

"బిగించాను. నువ్వే చూసుకో."

రూరుమ్ జాకీ పెట్టి బండి లేపింది. బూలన్ మోకాళ్ల మీద కూర్చుని చక్రాన్ని చేత్తో తిప్పింది. దాంతోపాటు లోపలి ఇరుసు కూడా తిరిగింది. రెండోవైపుకు వెళ్లి అదీ తిప్పి చూసింది. చేతులకంటిన గ్రీజును గడ్డికి తుడుచుకుంటూ, "సోమవారం పొద్దున్నే వస్తాం," అంది.

క్షమించావా అని రూరుమ్ అడగలేదు, క్షమించానని బూలన్ చెప్పలేదు. సోమవారం ముగ్గురు ఆడవాళ్లూ బయల్దేరారు. గురువారం తిరిగొచ్చారు.