పెద్దమామ పాడె మీది రోమ్ నాటకం

ఫోనుతో కూడా సినిమా తీయొచ్చని అందరికీ తెలిసిపోయి, తీయకపోయినా బతకొచ్చని ఇంకా ఎవరికీ తెలియని రోజులవి. సూర్యాపేటలో పెళ్లి వీడియోలు తీసే ప్రతివాడూ తనలో ఒక డైరెక్టర్ దాగున్నాడని నమ్మేవాడు. మా బావ (అంటే మా పెద్దమామ కొడుకు) ఇంకాస్త గట్టిగా నమ్మాడు. నేనప్పుడు కోదాడలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. పాఠాల్లో రెండు వేల ఏళ్ల నాటి రోమ్ కామెడీ ఒకటి ఉండేది: ఒక పిసినారి తండ్రి, ప్రేమలో పడ్డ కొడుకు, ఆ తండ్రిని బురిడీ కొట్టించి కొడుకు పెళ్లి జరిపించే గడుసు బానిస. క్లాసులో ఒక్కరూ నవ్వేవారు కాదు. (నేను చెప్పే తీరు అలాంటిది, తప్పు రోమ్ వాళ్లది కాదు.) ఒక ఆదివారం ఆ కథ బావకు చెబితే పడీపడీ నవ్వి, "ఇది మన ఊరి కథనే గదరా, తీద్దాం" అన్నాడు. నా పాఠానికి నవ్విన మొదటి మనిషి కాబట్టి ఏమడిగినా కాదనలేకపోయాను.

బానిసను ట్రాక్టర్ డ్రైవర్ను చేశాం. ఆ నాటకంలోని గొప్పలు కొట్టే సిపాయిని దుబాయ్ నుంచి తిరిగొచ్చినవాణ్ణి చేశాం. ఎవరింట్లో విందు జరిగినా పిలవకుండా వచ్చి కూర్చునే తిండిపోతును మాత్రం మార్చే పని పడలేదు, అలాంటివాడు ఊళ్లోనే ఉన్నాడు, అతన్నే పెట్టుకున్నాం. అయినా బావకు తృప్తి లేదు. "ఇప్పుడు జనాలకు సావు లేకుంటే కామెడీ ఎక్కుతలేదురా. డప్పులుండాలె, ఏడ్పులుండాలె, నడుమ నవ్వుండాలె" అన్నాడు. అందుకని మా సినిమాలో ట్రాక్టర్ డ్రైవర్ ముసలాయనతో, "నువ్వు సచ్చినట్టు పండు, ఎవరికెంత ప్రేమున్నదో తెలుస్తది" అని చెప్పి పాడె మీద పడుకోబెడతాడు. ఆయన కళ్లు మూసుకుని ఉండగానే కొడుకు గుళ్లో తాళి కట్టేస్తాడు. ఈ మార్పు సంగతి కోదాడలో మా సీనియర్ సారుకు గొప్పగా చెప్పాను. ఆయన నవ్వలేదు. "ఆ నాటకాల్లో ఎవరూ చచ్చిపోరండీ. చివర్లో అందరూ కలిసి భోజనానికి వెళ్తారు, ఒక వేషగాడు ముందుకొచ్చి చప్పట్లు కొట్టమని జనాన్ని అడుగుతాడు, అంతే. చావుతో ఆటలెందుకండీ మీకు" అన్నారు. పాపం ఈయనకు సినిమా తెలియదనుకున్నాను. చప్పట్ల సంగతి మాత్రం వదల్లేదు. మా ముసలాయన కూడా చివర్లో పాడె మీద లేచి కూర్చుని చప్పట్లు అడగాలని రాసుకున్నాం.

ముసలాయన వేషం పెద్దమామకే ఇచ్చాం. తిరుమలగిరి దగ్గరి పల్లెలో పత్తి పండించే మనిషి, మాట పెళుసు. ఆయనకూ తమ్ముడు చిన్నమామకూ మాటల్లేక చాలా ఏళ్లయింది. పొలం పంచుకున్నప్పుడు బోరు పెద్దమామ వైపు పడింది. వానలు మొహం చాటేసిన ఒక ఏడు చిన్నమామ నీళ్లడిగితే, "నా పత్తికే అందుతలెవ్వు" అన్నాడు పెద్దమామ. తమ్ముడి చేను ఎండిపోయింది. అతను పెళ్లాంపిల్లలతో మిర్యాలగూడ వెళ్లి రైసు మిల్లులో పనికి కుదిరాడు. అప్పటి నుంచి పెద్దమామ నోట తమ్ముడి పేరు రాలేదు. తప్పనిసరైతే "మిర్యాలగూడ" అనేవాడు. ("మిర్యాలగూడకు మనవరాలు పుట్టిందంట" అని ఆయన అంటే ఊరికంతటికీ పుట్టిందేమో అనుకోవాలి కొత్తవాళ్లు.) వేషం సంగతి చెప్పగానే, "పీనుగు లెక్క పండుడే గద, దానికి యాక్టింగెందుకు" అని ఒప్పుకున్నాడు.

మా వైపు మనిషి పోతే ఏడుపు కంటే ముందు ఫ్లెక్సీ లేస్తుంది. వెనక మేఘాలు, నడుమ నవ్వుతున్న ఫొటో, పైన శ్రద్ధాంజలి. షూటింగుకు అలాంటిది ఒకటి కావాలి. బావ సూర్యాపేటలో తనకు తెలిసిన ఫ్లెక్సీ అన్నకు ఫోన్ చేసి, "మా నాయిన ఫొటో పంపిన, శ్రద్ధాంజలి కొట్టియ్యే" అన్నాడు. సినిమా కోసమని చెప్పడం మరిచాడు. అవతల ఆయన గొంతు తగ్గించి, "ధైర్యంగుండు తమ్మీ" అన్నాడట. మొదటి సినిమా కదా, దాని గురించే అనుకుని బావ, "ఉంటున్ననే" అన్నాడట. ఫ్లెక్సీ అన్నకు ఒక పద్ధతి ఉంది. చావు ఫ్లెక్సీ అయితే అడగకుండానే రెండు కొడతాడు. ఒకటి ఇంటికి, ఒకటి తిరుమలగిరి చౌరస్తాకు. దాని ఫొటో వాట్సాప్‌లో కులపోళ్ల గ్రూపుకు పంపుతాడు. బాధలో ఉన్నవాళ్లను మళ్లీ మళ్లీ అడగడం ఆయనకు ఇష్టం ఉండదు.

షూటింగు నాడు వాకిట్లో పాడె కట్టాం. పెద్దమామ ముక్కుల్లో దూది, నుదుట రూపాయి బిళ్ల, మెడలో బంతిపూల దండ. అత్త (పెద్దమామ భార్య) ఏడవాల్సింది పోయి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. టేకు మీద టేకు అవుతుంటే గేటు దగ్గర ఎవరో పెద్దగా ఏడుస్తూ వచ్చారు. ఎంత బాగా చేస్తున్నాడో అనుకున్నాను. చూస్తే చిన్నమామ. చంకలో సూర్యాపేటలో కొన్న కొత్త పంచె. మమ్మల్నెవరినీ చూడలేదు. పాడె మీద పడిపోయి, "అన్నా, ఒక్కపాలి పిలిస్తే రాకపోదునానే. నీళ్లు నువ్వే ఉంచుకోవే, మాటన్న మాట్లాడకపోతివి గదనే" అని తల కొట్టుకుంటున్నాడు. బావ కెమెరా ఆపలేదు. పెద్దమామ లేవలేదు.

ఎందుకు లేవలేదో ఆ సాయంత్రం ఆయనే చెప్పాడు. "ఇన్నేండ్లకు 'అన్నా' అన్నడురా. లేస్తే ఇగ అనడు."

చిన్నమామ పంచె మడత విప్పి అన్న మీద కప్పాడు. మొహం దాకా లాగబోయి ఆగిపోయాడు. మూసిన కళ్ల నుంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి. చిన్నమామ తల తిప్పి ముందు లైటును చూశాడు, తర్వాత కెమెరాను, తర్వాత నన్ను. "నా ఏడ్పు గూడ కామెడీ చేస్తిరారా" అన్నాడు. పెద్దమామ గబుక్కున లేచి కూర్చుని "తమ్మీ" అన్నాడు, ముక్కులో దూదితో. అది మేం రాసుకున్న చివరి సీనులాగే ఉంది, కాకపోతే చప్పట్లు కొట్టేవాళ్లే లేరు. చిన్నమామ బస్సుకు వెళ్లిపోయాడు. పీనుగు కోసం కొన్న గుడ్డ తిరిగి ఇంటికి తీసుకుపోకూడదు కాబట్టి పంచె అక్కడే ఉండిపోయింది. పెద్దమామ దాన్ని మడతపెట్టి పెట్టెలో దాచాడు. "ఆ ముక్క సినిమాల పెట్టకు" అని కొడుక్కు చెప్పాడు. పెట్టలేదు. అది తీసేశాక సినిమాలో చూడ్డానికేమీ మిగల్లేదు. యూట్యూబులో మా చుట్టాలే చూశారు, వాళ్లూ సగం వరకే. పెద్దమామ మిర్యాలగూడకు ఎన్నోసార్లు ఫోన్ చేశాడు. తమ్ముడు ఎత్తలేదు.

తర్వాతి వానాకాలం పెద్దమామ సూర్యాపేట దవాఖానలో నిజంగానే పోయాడు. చిన్నమామకు నా ఫోన్ నుంచి చేశాను. "ఈపాలి ఏం సినిమా అల్లుడా" అని అడిగి పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. ఫ్లెక్సీ అన్న పాత ఫైలే తీసి కొట్టాడు. చౌరస్తాలో దాన్ని చూసినవాళ్లు నవ్వుకుంటూ పోయారట. పాడె చుట్టూ చేరిన ఊరివాళ్లు బావ చేతులవైపు చూశారు, వాకిట్లో లైట్ల కోసం వెతికారు. ఒకాయన నా చెవిలో, "లేస్తడా" అని అడిగాడు. నవ్వులపాలవుతామేమోనన్న భయంతో ఎవరూ గట్టిగా ఏడవలేదు. నేనూ ఏడవలేదు. నిజం చెప్పాలంటే నేను కూడా ఆయన లేచి చప్పట్లు అడుగుతాడేమోనని చూస్తూ నిలబడ్డాను. అత్త పెట్టె తెరిచి ఆ పంచె తెచ్చి కప్పింది.

చిన్నమామ కాకికి పెట్టే రోజున వచ్చాడు. ఎవరో చుట్టం చెబితే అప్పటికి నమ్మాడట. గడపలోనే కూలబడి, "ఏం గుడ్డ కప్పిండ్రు వదినా" అని అడిగాడు. "నువ్వు తెచ్చిందే" అంది అత్త. తర్వాత ఆయన బావను పక్కకు పిలిచి, "ఆనాడు తీస్తివి గద, అది ఉన్నదారా" అన్నాడు. ఉంది. బావ ఫోన్లో పెట్టి ఇచ్చాడు. చిన్నమామ గోడకు ఒరిగి చూశాడు. అన్న చెవుల్లోకి నీళ్లు కారే దగ్గర వేలు పెట్టి ఆపాడు. "మల్ల పెట్టు" అన్నాడు. ఇలా చాలాసార్లు.

ఇప్పటికీ కోదాడలో ఆ నాటకమే చెబుతున్నాను. పిల్లలు ఇప్పటికీ నవ్వరు. చివర్లో వేషగాడు ముందుకొచ్చి చప్పట్లు అడిగే చోట నేను కాస్త ఆగుతాను. బానిసను ట్రాక్టర్ ఎక్కిస్తే చాలు, రోమ్ మన ఊరైపోతుందనుకున్న ఆ కుర్ర లెక్చరర్ వెనక బెంచీలో కూర్చుని కనిపిస్తాడు. వాణ్ణి చూస్తే నాకు నవ్వొస్తుంది. సారు ఒక్కరే నవ్వుకుంటున్నారేంటని పిల్లలు ఒకరినొకరు చూసుకుంటారు.