రంగప్ప కారు, ఈరప్ప పూచీ

రొద్దం చుట్టుపక్కల ఎద్దుల బేరంలో తగువు వస్తే, రెండు పక్షాలవాళ్ళూ మొదట అడిగే మాట ఒకటే: "రంగప్ప ఏమన్నాడు?" రంగప్ప పెద్ద భూస్వామేం కాదు. వాన కురిస్తే వేరుశనగ, కురవకపోతే ఆకాశం. దానికి తోడు కొన్ని గొర్రెలు. కానీ ఒకసారి చెప్పిన మాట తన తమ్ముడి కోసమైనా మార్చేవాడు కాదు. ఆ పేరు తప్ప ఆయనకు ఆస్తని చెప్పుకోదగ్గది లేదు.

అలాంటి మనిషి పంతొమ్మిదివందల యాభై ఏడులో కారు కొన్నాడు. ధర్మవరానికి పెళ్ళిచీరలకు పోయేవాళ్ళను బాడుగకు తిప్పుదామని ఆశ. హిందూపురంలో బెల్లం మండీ సావుకారు ఈరప్ప తన పాత నల్లకారు అమ్ముతున్నాడని తెలిసి, ఒక లారీ డ్రైవరు దగ్గర తోలడం నేర్చుకుని మరీ పోయాడు. బేరం ఎలా చేశాడనుకున్నారు? అచ్చం ఎద్దును కొన్నట్టే. చుట్టూ తిరిగాడు, చక్రాలు తట్టాడు, దీపాల్లోకి వంగి చూశాడు. తువాలు కింద చేతులు కలిపి, వేళ్ళు పట్టి ధర తేల్చాడు.

"సంతలో ఎద్దుకు ఏమి పూచీ ఉండాదో దీనికీ అదే సావుకారూ," అన్నాడు. "మూడు అమావాస్యల లోపల తప్పు కనపడితే వాపసు."

ఈరప్ప నవ్వాడు. "సరేలేప్పా. అయితే ఆ తప్పు నా కండ్ల ముందర చూపల్ల. అదీ సంత కట్టుబాటే గదా?"

కట్టుబాటే. తప్పు రుజువైతే అమ్మినవాడిని మళ్ళీ ఎవరూ నమ్మరు. రుజువు కాకపోతే నింద వేసినవాడి మాట అంతటితో చెల్లదు. ఈ సంగతి రంగప్పకు ఎవరూ చెప్పనక్కర్లేదు, ఎన్నో తగువుల్లో ఆయనే తీర్పు చెప్పాడు.

కారు ఊళ్ళోకి వచ్చిన రోజు పల్లె పల్లెంతా వచ్చి చూసింది. రంగప్ప భార్య గంగులమ్మకు అదే బెంగ. ఇంతమంది కళ్ళు పడితే ఏ బండి బతుకుతుంది? తమ గొర్రెల ఉన్ని తానే వడికి నేయించుకున్న నల్లకంబళి పెట్టెలో ఉంటే తీసింది. దానికి గవ్వలు కుట్టి, కారు మూతికి అడ్డంగా, దీపాలు మాత్రం కనిపించేలా బిగించి కట్టింది. పనులన్నీ మానుకుని రెండు రోజులు కుట్టిన కుట్టు అది. రంగప్ప మురిసిపోయాడు. నిజం చెప్పాలంటే కారుకంటే ఆ గవ్వలే అందంగా ఉన్నాయి.

మొదటి బాడుగకే పెనుకొండ ఎత్తు దగ్గర కారు ఆగిపోయింది. ముందు నుంచి పొగలు, లోపల కుతకుత. పెళ్ళివారు దిగి, చెట్టు కింద కూర్చుని, తిట్టుకుని, చివరికి బస్సెక్కిపోయారు. రంగప్ప కంబళి విప్పి వెనకసీట్లో మడిచిపెట్టి, మూత తెరిచి, నీళ్ళు పోసి, చల్లబడ్డాక ఇంటికి తోలుకొచ్చాడు. మళ్ళీ వారం అదే చోట అదే కథ. పెనుకొండ నుంచి మెకానిక్కు వచ్చి చూసేసరికి ఇంజను చల్లగా, బుద్ధిగా ఉంది. "ఏమీ లేదే!" అని టీ తాగి పోయాడు.

ఇక హిందూపురం పోక తప్పలేదు. తప్పు చూపడానికి ఎద్దును నిలబెడితే దాని ఒంటిమీద నూలుపోగు ఉండకూడదు. గంటలు, మువ్వలు, కుచ్చులు అన్నీ తీసేసి బోడిగా చూపాలి, లేకపోతే అది మోసం. రంగప్ప కట్టుబాటు మనిషి. కంబళి ఇంట్లోనే విప్పిపెట్టి పోయాడు. కారు హిందూపురం దాకా పరుగెత్తింది. ఈరప్ప ఎక్కి ఊరు చుట్టూ తిరిగినా కిక్కురుమనలేదు.

"యాడప్పా తప్పు?" అన్నాడు ఈరప్ప. పొమ్మనలేదు గానీ, మొహంలో మర్యాద కొంచెం తగ్గింది.

రెండోసారీ అంతే. మండీ హమాలీలు మూతులు మూసుకుని నవ్వారు. "రంగప్ప ఎద్దు సావుకారిని చూస్తే లేచి పరిగెత్తుతాది," అన్న మాట సంతదాకా పాకింది. ఆ వారం ఓ ఎద్దుల తగువులో ఆయన్ని పిలవనే లేదు. పాపం, ఆ పూట అన్నం కలుపుకుని తినకుండా లేచిపోయాడు. గంగులమ్మ కంబళికి ఇంకో వరస గవ్వలు కుట్టింది.

మూడో అమావాస్య దగ్గర పడింది. రంగప్ప బస్సెక్కి మండీకి పోయాడు.

"సావుకారూ, నా మాట అబద్ధమయితాండాది. మీరే మా ఊరికి రాండి. నా దోవలో, నా బరువుతో తోల్తా. ఆగకపోతే ఈ జన్మలో సంతలో నోరెత్తను."

ఈరప్ప వచ్చాడు. అది ఆయన మంచితనం, రానంటే అడిగేవాడు లేడు. గంగులమ్మ రాగిసంగటి పెట్టి, అతిథి కూడా కూర్చుంటున్నాడు కదా అని కంబళిని ఇంకాస్త బిగించి కట్టింది. మిట్టమధ్యాహ్నం, వెనకసీట్లో ధర్మవరం పోయే చుట్టాలతో బయలుదేరారు. పెనుకొండ ఎత్తు దగ్గర కారు బుస్సుమని ఆగింది.

"చూసినారా!" అని రంగప్ప ఎగిరి దూకాడు. సొంత కారు చెడిపోతే అంత సంతోషపడ్డ మనిషిని ఈ సీమలో ఇంకొకర్ని చూపించలేం.

ఈరప్ప దిగి, రోడ్డుపక్క రాయి మీద కూర్చున్నాడు. మొహం పాలిపోయింది. "నేను ఎన్నేండ్లో తోలినా రంగప్పా, నాకెప్పుడూ ఇట్ల చేయలేదు. అయినా కండ్లారా చూస్తిని. తప్పు ఉండాది. దుడ్లు వాపసు తీసుకో, సంతలో నేనే చెప్తా," అన్నాడు.

రంగప్ప మూత తెరవడానికి కంబళి ముడి విప్పాడు. లోపలి వైపు చెయ్యి తగిలింది. చురుక్కుమంది. ఉన్ని పెనంలా కాలుతోంది. గొర్రెలు కాసిన మనిషికి కంబళి అంటే ఏమిటో తెలీదా? మాఘమాసపు చలిలో దాన్ని తల మీదుగా కప్పుకుంటే చెమట పడుతుంది. మూతి మీద కప్పితే ఊపిరాడదు. హిందూపురం పోయిన రెండుసార్లూ అది ఇంట్లో ఉంది. ఆగిపోయిన ప్రతిసారీ ఇక్కడ ఉంది.

ఈరప్ప ఇటు చూడటం లేదు. గెలుపు చేతికి వచ్చింది, పేరూ వచ్చింది. మాట్లాడకుండా ఉంటే చాలు. రంగప్ప ఆ కంబళి పట్టుకుని ఎండలో నిలబడిపోయాడు. తర్వాత తన తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, ఈరప్ప ముందుకు వచ్చాడు.

"సావుకారూ, తప్పు బండిది కాదు, మీది కాదు. నాది. ఊపిరాడకుండా నేనే మూతి కట్టినా. సంతలో ఆ మాట నేనే చెప్తా."

ఈరప్ప కంబళిని చూశాడు, వరసలు వరసలుగా కుట్టిన గవ్వల్ని చూశాడు. "ఎవరు కుట్టినారప్పా?" అని అడిగాడు. రంగప్ప గవ్వలు ఊడకుండా కంబళిని మెల్లగా మడతపెట్టాడు.

నీళ్ళు పోసి, కంబళి లేకుండా బయలుదేరితే కారు ధర్మవరం పోయి వచ్చింది. వాకిట్లో గంగులమ్మ ఎదురుచూస్తూ ఉంది.

"ఏమయిందన్నా? తప్పు కనపడిందా?"

"నీళ్ళు తక్కువైనాయంతే చెల్లెమ్మా," అన్నాడు ఈరప్ప. "బండి బాగుండాది. ఈ కంబళి మాత్రం నా మనసు పట్టుకునింది. నాకు చలి ఎక్కువ. ఇస్తావా?"

గంగులమ్మ ఆయన్ని ఒక్క క్షణం చూసి, కంబళి దులిపి మడిచి ఇచ్చింది. వచ్చే సంతలో రంగప్ప తన తప్పు తానే చెప్పుకున్నాడు. నవ్వేవాళ్ళు నవ్వారు. కానీ ఆ మధ్యాహ్నమే రెండు తగువులకు ఆయన్నే పిలిచారు.

ఆ రాత్రి గంగులమ్మ అన్నం వడ్డిస్తూ అంది: "ఉన్ని ఇంకా ఉండాది. ఇంకొకటి నేయిద్దునా, బండికి?"

రంగప్ప ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. "బండికి వద్దులే గంగులూ. చలికాలం నాకు కప్పు."

ఆమె కొంగు అడ్డం పెట్టుకుంది, నవ్వుకో, ఏడుపుకో. "ఈ నిప్పులు చెరిగే ఎండల్లో ఆ పెద్దాయప్ప చలని కంబళి అడిగినప్పుడే తెలిసిందిలే నాకు. తిను."