వెనకవాడి తొందర

సిగ్నల్ దగ్గర ఎర్రదీపం పడింది. మరదలు మోటారుసైకిల్ ఆపింది. వెనకాల ఆనుకునేంత దగ్గరగా వస్తున్న తెల్లకారు కూడా ఆగింది. ఆగి ఊరుకుందా, హారన్ మోత ఎత్తుకుంది. ఎర్రదీపం ముందు ఎవరైనా ఎటు పోతారు, ఆకాశంలోకా?

బండి వెనక సీటు మీద కూర్చున్నది ఆమె మొగుడి అక్క. ఇంట్లోవాళ్ళేమిటి, వీధిలోవాళ్ళేమిటి, అందరూ ఆవిణ్ణి వదినగారనే అంటారు. ఆవిడ నోటికి జడిసి పాలవాడు కూడా కొలత సరిగ్గా పోస్తాడు. ఆ కారు వంతెన దగ్గర్నుంచీ తమ వీపుల మీద ఊపిరి వదులుతూ వస్తోందని ఆవిడ గొణుగుతూనే ఉంది. దిగి తిట్టడానికి తగిన మాట ఒకటి వెతుక్కుంటుండగానే, మరదలు బండికి స్టాండు వేసి, హెల్మెట్ తీసి ఆవిడ ఒళ్ళో పెట్టి, కారు కిటికీ దగ్గరికి నడిచింది.

"ఏం అన్నా, మా ఇంటికేనా?"

కారాయన అద్దం దించాడు. మెడకి టై, మొహం నిండా చిరాకు. "ఏంటి?"

"వంతెన దగ్గర్నుంచీ వదలకుండా వస్తున్నారుగా, మా ఇంటికేమో అనుకున్నా. ముందే చెప్తే టీ పెట్టించేదాన్ని."

"నడపడం రాకపోతే పక్కకి తప్పుకోవాలమ్మా. నాకు అవతల పనుంది."

"నాకూ పనే." మరదలు వెనక్కొచ్చి బండికి బిగించిన పెట్టె మూత తీసింది. పల్చటి కవర్లో చుట్టిన పెట్టుడు పళ్ళ సెట్టు ఒకటి, పైవరసా కిందివరసా కలిపి, అరచేతిలో పెట్టుకుని వెళ్ళి ఆయన ముక్కుకెదురుగా పట్టింది. గులాబీరంగు చిగుళ్ళు, తళతళలాడే పళ్ళు. "ఇవి ఇవ్వడానికే పోతున్నా. ఇలాగే అందరి వెనకా అతుక్కుని తిరగండి, రేపు మీ సెట్టు కూడా నేనే తెచ్చిస్తా. కొలత ఇప్పుడే ఇచ్చేస్తారా? నోరు ఎలాగూ తెరిచే ఉంది."

పక్కనున్న బస్సు కిటికీల్లోంచి నవ్వులు పేలాయి. కారాయన అద్దం పైకెక్కించేశాడు. పచ్చదీపం వచ్చింది. మరదలు తీరిగ్గా పళ్ళు దూదిలో సర్ది, మూత వేసి, హెల్మెట్ పెట్టుకుని, బకిల్ బిగించుకుని, బండి కదిపింది. అంతసేపూ వెనక హారన్ కిక్కురుమంటే ఒట్టు.

తమ్ముడికి మంచి పెళ్ళామే దొరికిందని వదినగారికి ఆ రోజు అనిపించింది. పెళ్ళయిన ఇన్నేళ్ళకి అనిపించింది, అది వేరే సంగతి.

మరదలి ఉద్యోగం పెట్టుడు పళ్ళు చేరవేయడం. బస్టాండు వెనక సందులో మేడ మీద ఆ పళ్ళు తయారుచేసే ల్యాబ్ ఉంది. కిటికీ రెక్కల మీద, ఫ్యాను రెక్కల మీద, పనివాళ్ళ కనుబొమల మీద కూడా ప్లాస్టర్ పిండే. గోడల అరల్లో తెల్లటి అచ్చులు. ఊళ్ళోవాళ్ళ నోళ్ళన్నీ అక్కడ మాటా పలుకూ లేకుండా వరసగా కూర్చుని ఉంటాయి. డాక్టర్లు తీసిన కొలతలు ల్యాబ్‌కి తేవాలి, తయారైన పళ్ళు డాక్టర్లకి చేర్చాలి. "ఊళ్ళో సగం నవ్వులు నా పెట్టెలోంచే పోతాయి" అని ఆమె గొప్ప. వీధిలో ఆమెకి పళ్ళపెట్టె అని పేరు పెట్టారు. పేరు పెట్టినవాళ్ళ అమ్మకి కూడా తర్వాత పళ్ళు ఆమే తెచ్చిచ్చింది.

బండి నేర్చుకున్నది పిల్లలు చేతికందొచ్చాక. తమ్ముడు బేకరీ వ్యాను డ్రైవరు. పొద్దున్నే వేడి రొట్టెలు కొట్లకి వేసి రావడం అతని పని. "నువ్వు బండి నడుపుతావా!" అని ఆ రోజుల్లో అతను పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆమె బేకరీ వెనక ఖాళీ జాగాలో, అదే తమ్ముడు చూస్తుండగా, మోకాళ్ళు చెక్కించుకుని నేర్చుకుంది. నేర్చుకున్నాక ఆమె నడకే మారిపోయింది. కూరగాయలకి కాలినడకన వెళ్ళినా సరే, రోడ్డు తన పేర రాసిచ్చినట్టు వెళ్ళేది.

వెనక అతుక్కునేవాళ్ళతో ఆమెకి రోజూ ఉండేదే. చిన్న బండి, ఆడమనిషి, మెల్లగా పోతుంది. ఇంకేం, ప్రతివాడికీ అలుసే. ఆమె పద్ధతి ఒక్కటే: బదులు తీర్చుకోవడం. కావాలని ఇంకా మెల్లగా పోయేది. చెయ్యి ఊపి తిట్టేది. మరీ మీదకొస్తే ఒక్కసారి బ్రేకు తొక్కి గుండె ఝల్లుమనిపించేది. రాత్రి అన్నాల దగ్గర అవన్నీ చెప్తుంటే వదినగారు ఇంకొంచెం కూర వడ్డించేది.

ఒక మధ్యాహ్నం గోడౌన్ల రోడ్డులో ఒక సరుకుల బండి అలాగే వెంటపడింది. ఆమె బ్రేకు తొక్కింది. వెనకవాడు ఆ క్షణాన రోడ్డు చూడటంలేదు, వచ్చి గుద్దేశాడు.

చెప్పులు ఒక వైపు, హెల్మెట్ గీసుకుపోయిన ఆమె ఒక వైపు. మెడ కింద ఎముక విరిగింది. పెట్టె పగిలి ప్లాస్టర్ అచ్చులు రోడ్డంతా చెల్లాచెదురయ్యాయి. ఎవరెవరి నోళ్ళో చక్రాల కింద పిండయ్యాయి. గుమిగూడినవాళ్ళతో ఆ డ్రైవరు ఒకటే మాట: "ఉత్తపుణ్యానికి బ్రేకు కొట్టిందండీ. ముందు అడ్డమేమీ లేదు, చూసుకోండి." ఆమె పడుకునే విన్నది. నిజమే, ముందు అడ్డమేమీ లేదు. నోటిమాటకి ఎప్పుడూ తడుముకోని మనిషికి ఆ వేళ బదులు దొరకలేదు. నొప్పి కంటే అదే ఎక్కువ బాధపెట్టిందని తర్వాత వదినగారితో అంది.

ఇంట్లో తమ్ముడు ఒంటికాలి మీద లేచాడు. "అయిపోయింది. ఇంక బండి మాటెత్తొద్దు. మా బేకరీలో ఒకతను కొంటానన్నాడు, ఆదివారం వస్తాడు."

"నన్నడిగారా?"

"నిన్నడగాలా? నీ ఎముకనడిగాను. అది చెప్పింది."

ల్యాబ్ యజమాని కూడా చూడ్డానికొచ్చి, పాపం మంచికే, ఇక కూర్చునే పని ఇస్తానన్నాడు. ప్లాస్టర్ కలిపే గదిలో.

"గోడలు కట్టే మేస్త్రీలా ఉన్నానా నేను?" అని ఆమె ముఖం గోడవైపు తిప్పుకుంది. ఆయన వెళ్ళిపోయాడు. వదినగారు టీ తెచ్చి పక్కన పెట్టింది. ఆదివారంలోపు ఏదో ఒకటి చెయ్యకపోతే ఈ మనిషి ఆ పిండిగదిలో అచ్చయిపోతుందని ఆవిడకి తెలుసు. ఏం చెయ్యాలో మాత్రం తెలీదు.

శుక్రవారం కట్టు మార్పించుకోవడానికి తమ్ముడు ఇద్దర్నీ వ్యానులో ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ముందు సీట్లో అతని పక్కన మరదలు, కిటికీ వైపు వదినగారు, వెనకంతా ఖాళీ ట్రేల గలగల, రొట్టెల వాసన. ఆమె మోటారుసైకిల్ ఎక్కాక మొగుడి బండిలో కూర్చున్నది అదే మొదటిసారి.

పెద్దరోడ్డెక్కగానే ముందు ఒక అమ్మాయి స్కూటరు మీద పోతోంది. భుజాన సంచీ, వెనక జడ. తమ్ముడు వ్యానుని ఆ స్కూటరుకి ఆనుకునేంత దగ్గరగా తెచ్చాడు. ఆ పిల్ల జడకి కట్టిన రబ్బరుబ్యాండు రంగు కూడా తెలుస్తోంది.

"ఎవరండీ ఆ అమ్మాయి?" అంది మరదలు.

"ఎవరో. దారివ్వదే!" అని హారన్ కొట్టాడు.

"మరి అంత దగ్గరగా వెళ్తుంటే మీకు తెలిసినమ్మాయేమో అనుకున్నా."

"నేనేం చేశానిప్పుడు? పక్కకి పోతే పోతుందిగా."

స్కూటరమ్మాయి అద్దంలోకి చూసింది. మళ్ళీ చూసింది. భుజాలు బిగుసుకున్నాయి. చూసినప్పుడల్లా ఆమె కళ్ళు ముందున్న రోడ్డు మీద లేవు. అది మరదలు చూసింది. ఆ పిల్ల వేగం పెంచింది. తమ్ముడూ పెంచాడు.

"ఏరా, గుద్దుతావా ఏంటి!" వదినగారు డాష్‌బోర్డు పట్టుకుంది.

"ఊరుకో అక్కా, రోజూ నడిపేవాణ్ణి. నేను చూసేది ఆ పిల్లని కాదు, దాని ముందున్న బస్సుని."

మరదలు మంచి చెయ్యి తీసి మెడ కింది కట్టు మీద పెట్టుకుంది. అన్నాక తనేమన్నాడో తమ్ముడికి వినబడింది. కాలు పైకి తీశాడు. స్కూటరు కాస్త దూరం జరిగింది.

"ఆపండి" అంది మరదలు.

"ఆసుపత్రి ఇంకా..."

"ఆపండి, దిగుతా."

దిగింది. చెయ్యి మెడకి వేలాడగట్టుకుని రోడ్డు అంచున నడక మొదలుపెట్టింది. వదినగారు ఆమె వెంట దిగి పక్కన నడిచింది. తమ్ముడు ఏం చేస్తాడు? వ్యాను వాళ్ళ వెనకే పాకించాడు. కిటికీలోంచి తల బయటపెట్టి, "ఎక్కవే, నలుగురూ చూస్తున్నారు" అని బతిమాలాడు. చిన్నగా హారన్ కూడా కొట్టాడు, అలవాటు.

వదినగారు తిరగబోయింది.

"తిరక్కు వదినా. నా నడక నడుస్తా, అంతే." మరదలు వేగం పెంచలేదు, తగ్గించలేదు. కొంతదూరం పోయాక తనలో తను అన్నట్టు మొదలుపెట్టింది. "చూశావా, ఆ పిల్ల భయపడి పరిగెత్తింది. నేనేమో పౌరుషంకొద్దీ బ్రేకు తొక్కాను. ఇద్దరం వెనకవాడు చెప్పినట్టే చేశాం. నా బండి నేను నడిపానని ఎగిరిపడ్డాను గానీ, ఆ పూట దాన్ని నడిపింది వాడు."

"అయితే ఏం చేస్తావ్?"

"నా ముందు పోయే బండికీ నాకూ మధ్య ఖాళీ బాగా పెంచుకుంటా. అప్పుడు గబుక్కున ఆగే పని రాదు. నేను మెల్లగా ఆగితే నా వెనక గుడ్డివాడైనా మెల్లగా ఆగుతాడు. ఆగేముందే లైటు ఒకట్రెండుసార్లు మినుక్కుమనిపిస్తా. వాడి బ్రేకు కూడా నేనే వెయ్యాలన్నమాట. అప్పటికీ వదలకపోతే, చోటు దొరగ్గానే పక్కకి తీసి పొమ్మంటా."

"పొమ్మంటావా!" వదినగారి ప్రాణం చివుక్కుమంది. "వాడికి లొంగి దారిస్తావా? నువ్వా?"

"ఇంట్లోకి కుక్క దూరితే తలుపు బార్లా తీస్తాం. కుక్కకి లొంగినట్టా? వాడి తొందర వాడిది. నా వీపు మీద మొయ్యమంటే మొయ్యను."

వదినగారికి ఆ పద్ధతి పెద్దగా నచ్చలేదు. తిట్టు లేదు, బస్సులో నవ్వులు లేవు. కానీ మరదలి నడక మళ్ళీ మునుపటిలా ఉంది. రోడ్డు ఆమె పేరనే ఉంది. ఆవిడ పక్కనే అడుగు కలిపింది. వెనక వ్యాను కూడా, ఎప్పుడనగా మొదలైందో, బాగా దూరం పెట్టి వస్తోంది.

ఆదివారం బేకరీ అతను వచ్చాడు. మరదలు వసారాలో బండి మీదే కూర్చుని, ఒక చేత్తో దాని అద్దం తుడుస్తోంది.

"ఇదేనా అండీ అమ్మేది?"

"ఎవరు చెప్పారు?"

"మీ ఆయన..."

"ఆయన బండి ఆ వ్యాను. కావాలంటే దాని సంగతి మాట్లాడుకోండి. ఇది నాది."

అతను తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు ఆకాశం వైపు చూశాడు. వదినగారు ఇద్దరి వైపూ చూసి, "టీ తాగి వెళ్ళు నాయనా, ఉత్తచేతులతో పోకూడదు" అంది.

ఎముక అతుక్కుని, డాక్టరు సరేనన్న తర్వాత ఒక ఉదయం మరదలు మళ్ళీ బండి తీసింది. ల్యాబ్ యజమాని కొత్త పెట్టె పంపాడు. ఆయన్ని ఒప్పించడానికి ఏమందో ఆమె ఎవరికీ చెప్పలేదు గానీ, ప్లాస్టర్ గదిలోకి ఇంకో మనిషిని వెతుక్కుంటున్నాడని తెలిసింది. కిక్ మీద కాలు పెట్టి, తీసేసింది. దిగి, నీళ్ళు తాగి వచ్చింది. మళ్ళీ ఎక్కింది. ఈసారి కాలు తియ్యలేదు. కొట్టింది. బండి అందుకుంది.

ఇంటి ముందే తమ్ముడు వ్యాను స్టార్ట్ చేసి ఉంచాడు. మొహం దీనంగా పెట్టి, "నాలుగు రోజులు నీ వెనకే వస్తానే. తోడుగా" అన్నాడు.

"వెనకా?" మరదలు హెల్మెట్‌లోంచే నవ్వింది. "ఒంట్లో ఎన్ని ఎముకలున్నా, వెనకొచ్చేవాళ్ళకి ఇంకోటి ఇవ్వలేను. మీ రొట్టెలు చల్లారిపోతాయి, పొండి."

అని గుమ్మంలో నిలబడ్డ వదినగారిని పిలిచింది. ఆవిడ చెప్పులు తొడుక్కునే ఉంది, మరదలి వెనక ఎక్కడానికి.

"నా వెనక కాదు వదినా. నా సంగతి నేను చూసుకుంటా. నువ్వు రోజూ పొద్దున్నే వెళ్ళి మీ తమ్ముడి పక్కన కూర్చో. ముందు చిన్న బండి మీద ఎవరు పోతున్నా సరే, మగాడైనా ఆడదైనా, 'ఒరేయ్, అది నీ పెళ్ళాం' అని చెప్పు. దూరం పెట్టేదాకా చెప్పు. మంచిమాటతో వినకపోతే నీ నోరు నీకుంది."