వడ్డించడం మాత్రమే తెలిసిన మనిషి

మీరు ఎవరి ఇంట్లో అన్నం తినరు? సమాధానం పైకి చెప్పనక్కరలేదు, మీలో మీరు చెప్పుకుంటే చాలు. అలాంటిదేమీ లేదని వెంటనే అనగలిగినవారు మరికాస్త ఆలోచించడం మంచిది. జగన్నాథరావు కూడా ఇరవై ఏళ్ళకు పైగా అలాగే అనుకున్నాడు.

రాజోలు తాలూకాలో కాలువ గట్టున ఉన్న ఒక ఊళ్ళో, కొబ్బరితోట, కొంత మాగాణి ఉన్న పెద్దకులం రైతు కుటుంబంలో ఆయన పుట్టాడు. పెళ్ళయిన కొత్తలో క్షయ పట్టుకుని మిషను ఆసుపత్రిలో నెలల తరబడి మంచం మీద ఉన్నాడు. అంటుజబ్బని అన్నదమ్ములు వార్డు గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయేవారు. ఆయనకు గంజి తాగించింది, కఫం పడిన గిన్నె కడిగింది, బతుకుతాడో లేదో తెలియని రోజుల్లో పక్కన కూర్చుని ప్రార్థన చేసింది ఆ వార్డులో ఆయాగా పనిచేస్తున్న రత్నమాణిక్యం. ఆమెదీ ఆ ఊరే. ఊరు తనకు దూరంగా ఉంచుకున్న హరిజనపేటలో ఆమె ఇల్లు.

జబ్బు నయమయ్యాక జగన్నాథరావు ఆమె దేవుణ్ణి గురించి అడిగి తెలుసుకుని బాప్తిస్మం పుచ్చుకున్నాడు. ఇంటికి వస్తే కన్నతల్లి ఆయన కంచాన్ని పశువుల చావిట్లో పెట్టింది. అన్నదమ్ములు వాటా పంచి ఇచ్చి మాటలు మానేశారు. పుట్టింటివారు వచ్చి పిలిచినా భార్య సత్యలక్ష్మి ఒక్కతే ఆయనను విడిచి వెళ్ళలేదు. ఆయన పోగొట్టుకున్నది చిన్నదేమీ కాదు. తక్కిన సంగతులు చెప్పబోయే ముందు ఈ మాట చెప్పడం న్యాయం.

పేటలో ప్రార్థనామందిరం కట్టడానికి ఆయన తన తోటలోని దూలాలు ఇచ్చాడు. పాస్టరుగారు నెలకొకసారి వచ్చేవారు. మిగతా ఆదివారాల్లో సంఘపెద్దగా జగన్నాథరావే వాక్యం చెప్పేవాడు. కుర్చీ వేస్తే కూర్చోడు. చాప మీద అందరి నడుమా కూర్చుంటాడు. ప్రభువు శిష్యుల పాదాలు కడిగిన సంగతి మళ్ళీ మళ్ళీ చెప్పేవాడు. క్రిస్మసుకు పేట మొత్తాన్ని తన ఇంటికి పిలిచి, అరుగు మీద ఆకులు వేసి, నడుం వంచి తానే వడ్డించేవాడు. అంత వినయం గల మనిషిని చూడలేదని జనం చెప్పుకునేవారు.

ఆయన పేటలో ఎవరి ఇంటికి వెళ్ళినా ఒకటే మాట: "నాకేం వద్దండి. ఒక్క బొండం చాలు."

దాన్ని కూడా నిరాడంబరతే అనుకున్నారు. కొబ్బరిబొండాన్ని ఎవరూ వండరు. అందులోని నీళ్ళకు ఎవరి గిన్నే తగలదు, ఎవరి చెయ్యీ తగలదు. ఈ సీమలో పెద్దకులం మనిషి పేటలో కాలు పెడితే ఏమి తాగుతాడో పసిపిల్లలకు కూడా తెలుసు. అయినా ఆయన విషయంలో ఎవరికీ ఆ తలంపు రాలేదు. వచ్చినా బయటికి అనలేదు.

చట్టానికి ఇక్కడ పని లేదు. బావి దగ్గర అడ్డగించినవాణ్ణి, హోటల్లో వేరే గ్లాసు పెట్టినవాణ్ణి బోనెక్కించడానికి పౌరహక్కుల చట్టంలో సెక్షన్లున్నాయి. ప్రేమతో పెట్టిన అన్నాన్ని మర్యాదగా వద్దన్నవాడి మీద ఏ ఫిర్యాదూ నిలవదు. పైగా సాక్షులందరూ ఆయన పక్షానే చెబుతారు.

1981లో, ఈస్టరుకు ముందు వచ్చే లెంటు ఉపవాస దినాల్లో, రత్నమాణిక్యం గుండె నీరసించి మంచం పట్టింది. ప్రార్థన చేయడానికి జగన్నాథరావు వెళ్ళాడు. ఆయన వస్తాడని తెలిసి, కోడలు వీరవేణి వారిస్తున్నా వినకుండా ఆమె లేచి పొయ్యి ముందు కూర్చుని వండింది.

"చింతచిగురు రొయ్యలండి బాబుగారూ. ఆసుపత్రిలో జ్వరం దిగినరోజు ఇదే కావాలని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. గుర్తుందాండీ?"

"గుర్తుందమ్మా. ఈ ఒంటితో నీకెందుకీ శ్రమ? ఒక్క బొండం చాలు."

ఆమె కొడుకు ముసలయ్య చెట్లెక్కి కొబ్బరి దింపు తీసి బతికేవాడు. అప్పుడే పని నుంచి వచ్చి గుమ్మంలో కూలబడి ఉన్నాడు. "తోటంతా ఎక్కి దిగొచ్చానండి. కాళ్ళు లాగేత్తన్నాయి. అమ్మ వండింది తినేత్తే నాకు చెట్టెక్కే పని తప్పుద్ది గదండీ" అన్నాడు.

"పోనీ, ఈ ఒక్కసారికీ బాబుగార్నే ఎక్కమందామా?" అని వీరవేణి నవ్వింది.

"నోర్ముయ్యండి ఇద్దరూ" అని కసిరి, రత్నమాణిక్యం పళ్ళెం ముందుకు జరిపింది. "ఒక్క ముద్దండి. నా చేత్తో గంజి తాగినోరే గదా."

తింటానని అనడానికి ఆయనకు నోరు రాలేదు. తిననని చెప్పడానికీ రాలేదు. "ఉపవాసంలో ఉన్నానమ్మా" అన్నాడు.

ఆమె నొచ్చుకోలేదు. నొచ్చుకుని ఉంటే ఆయనకు తర్వాత కొంత తేలికయ్యేది. ఆమె రెండు చేతులూ జోడించింది.

"అయ్యో, నా మతి మండా! లెంటు దినాలని మరిచేపోయాను. ఉపవాసం ఉన్నోరి ముందు కూర పెట్టాను, ఏమీ అనుకోకండి. పండగెళ్ళాక రండి. మళ్ళీ చేత్తాను."

"ఉపవాసానికి బొండం పర్లేదేంటండీ?" అన్నాడు ముసలయ్య.

జగన్నాథరావు బొండం కూడా తాగకుండా లేచి వచ్చేశాడు.

చీకటి పడే లోపే ఉపవాసం కబురు సత్యలక్ష్మికి అందింది. "వీరవేణి కనపడి మీరేదో ఉపవాసం అంది. పొద్దున్న ఆవకాయేసుకుని మారు అడిగి మరీ చద్దన్నం తిన్నది ఎవరండీ?"

"ఆవిడ బాధపడకూడదని అలా అన్నాను."

"బాధపడకూడదంటే తినాలి గదా. ఎప్పుడెళ్ళినా నేను తినడం లేదూ?"

"అన్నీ వదిలేశాను సత్యలక్ష్మీ. మా అమ్మ దగ్గర నేర్చుకున్నదాంట్లో ఇదొక్కటే మిగిలింది. ముద్ద నోటిదాకా రాదు" అన్నాడు.

తల్లి తన కంచాన్ని చావిట్లో పెట్టినందుకు ఇరవై ఏళ్ళుగా కుమిలిన మనిషి, ఆ తల్లి చేసిన పనినే తాను తీపి మాటలతో చేస్తున్నాడు. కృప అంటే అర్హత లేకుండా పుచ్చుకోవడమని ఆయన ఎన్నో ఆదివారాలు బోధించాడు. పరలోకం నుంచి పుచ్చుకోగలిగాడు గాని పేట నుంచి పుచ్చుకోలేకపోయాడు. ఇవ్వడం, వడ్డించడం, క్షమించడం ఆయనకు చేతనయిన పనులు. వాటిలో ఆయన ఎప్పుడూ నిలబడే ఉంటాడు, కూర్చునేది ఎదుటివాడు.

ఈస్టరు వెళ్ళింది. రత్నమాణిక్యం ఇంటికి వెళ్ళాలనే అనుకున్నాడు. రెండో పంట దాళ్వా కోతలు వచ్చాయి, నూర్పిళ్ళు వచ్చాయి, ఒక ఆదివారం వాన వచ్చింది. ఒక రోజు తెల్లవారుతుండగా రత్నమాణిక్యం పోయిందని కబురు వచ్చింది.

సమాధి దగ్గర ఆయనే ప్రార్థన చేశాడు. జ్ఞాపకార్థ కూడిక నాడు భోజనాలకు ఆకులు వేశారు. ఎప్పుడూ ప్రార్థన చేసి వడ్డనకు దిగే మనిషి ఆ రోజు వెళ్ళి పంక్తిలో కూర్చున్నాడు. ముసలయ్య అన్నం గంప పట్టుకుని వరసగా వడ్డిస్తూ ఆయన దగ్గరికి వచ్చాడు.

"ముసలయ్యా, నాకూ పెట్టు."

"మీది ఉపవాసం గదండీ బాబుగారూ" అని, ముసలయ్య పక్క ఆకు ముందుకు వెళ్ళాడు. గొంతు ఎత్తనైనా లేదు.

పక్కనున్న బుల్లియ్య, సంఘంలో రెండో పెద్ద, కోప్పడ్డాడు. "ఒరేయ్, ఏంట్రా ఆ మాట? పెద్దాయన్ని పట్టుకుని!"

"పండగెళ్ళింది మొదలు ఆదివారం ఆదివారం మాయమ్మ నా చేత చింతచిగురు కోయించిందండి, బాబుగారొత్తారని. చిగురు ముదిరిపోయింది. ఆవిడా పోయింది. నేనేం పెట్టనండీ ఇప్పుడు?"

పంక్తి లేచేదాకా జగన్నాథరావు ఖాళీ ఆకు ముందు అలాగే కూర్చున్నాడు.

తరువాతి ఆదివారం ఆయన సంఘం ముందు నిలబడి, ఆ రోజు తాను ఉపవాసంలో లేనని, రత్నమాణిక్యంతో అబద్ధమాడానని చెప్పాడు. ఇకమీద సంఘపెద్దగా ఉండలేనన్నాడు. జనం కళ్ళు తుడుచుకున్నారు.

"ఇంత చిన్న మాటకి పెద్దరికం వదులుకోడమేంటండీ? ఇంత తగ్గింపు మనసు ఎవరికుంటదండి!" అన్నాడు బుల్లియ్య. అవునవునన్నారు అందరూ.

ముసలయ్య ఆ ఆదివారం మందిరానికి రాలేదు. నేరం ఒప్పుకున్నవాడికి మెప్పు దక్కింది, నష్టపోయినవాడికి ఏమీ దక్కలేదు. చనిపోయిన ఆమెకు ఇక దక్కేదీ లేదు. జగన్నాథరావు ఇంటికి నడుస్తూ గ్రహించినది ఇదే: ఆ ఒప్పుకోలును కూడా తాను నిలబడే వడ్డించాడు.

మందిరం తాళంచెవి బుల్లియ్య ఇంట్లో ఇచ్చి వచ్చాడు. వంటింటి గుమ్మం దగ్గర పీట వాల్చుకుని కూర్చున్నాడు.

"సత్యలక్ష్మీ, రేపటినుంచి మధ్యాహ్నం ఎసట్లో నా వంతు బియ్యం పొయ్యకు."

"మళ్ళీ ఇదేం ఉపవాసమండీ?"

"ఉపవాసం కాదు. ముసలయ్యగారి గుమ్మంలో నిలబడి అన్నం పెట్టమని అడుగుతాను."

"పెట్టకపోతే?"

"రాత్రికి నువ్వు వండింది తింటాను. ఎల్లుండి మళ్ళీ వెళ్ళి అడుగుతాను."